గుడ్లు పొదిగాయి, మూడో రోజుకి ఒక్క పిల్లా మిగల్లేదు. ఎక్కడ తప్పు చేశాను?

గాజుతొట్టి:

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. రెండు రోజులుగా నాకు నిద్ర సరిగ్గా లేదు.

నా దగ్గర నాలుగడుగుల గాజు తొట్టిలో అయిదు మంచినీటి రొయ్యలున్నాయి. పొడుగు కాళ్లవి, నీలకంఠం రొయ్య అంటారే, అవి. మూడు మగవి, రెండు ఆడవి. అన్నీ ఒకే రోజు, ఒకే సైజులో, వేలి గోరంత ఉన్నప్పుడు తెచ్చుకున్నవే. ఏడు నెలలు దాటింది.

పోయిన నెల ఒక పొద్దున లేచి చూస్తే తొట్టి మూల ఒక ఆడరొయ్య చచ్చి పడి ఉంది. వలతో తీస్తే చేతిలో బరువే లేదు. మీసాలున్నాయి, కళ్ల తొడుగులున్నాయి, కాళ్లన్నీ ఉన్నాయి, లోపల రొయ్య మాత్రం లేదు. అది విడిచిన గుల్ల! అసలు రొయ్య రాళ్ల వెనక మెత్తగా నక్కి ఉంది. నీలం డెక్కల పెద్ద మగరొయ్య దాని మీద గొడుగు పట్టినట్టు నిలబడి, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరిమేస్తోంది. మర్నాటికి ఆడదాని పొట్ట కింద నారింజ రంగు గుడ్ల గుత్తి కనిపించింది.

అప్పట్నుంచి రోజూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పన్నెండు రోజుల దాకా నారింజ రంగే. తర్వాత రంగు వెలిసిపోతూ వచ్చి, 17వ రోజుకి బూడిద రంగుకి తిరిగింది. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో గుడ్డులో రెండేసి నల్ల చుక్కలు. కళ్లు! అది చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తల్లి మాత్రం పొట్ట కింది చిన్న కాళ్లతో విసనకర్రలా విసురుతూనే ఉంది, ఒక్క నిమిషం ఆపితే ఒట్టు.

19వ రోజు రాత్రి పదకొండున్నరకి టార్చ్ వేస్తే, నీళ్లలో దుమ్ము లేచినట్టు వేలకొద్దీ చుక్కలు. ఇంకాస్త దగ్గరికెళ్లి చూస్తే అన్నీ వెల్లకిలా ఉండి, తోక ముందుకి పెట్టి ఈదుతున్నాయి. లైటు ఎటు తిప్పితే అటు మూగుతున్నాయి.

ఫిల్టర్ వెంటనే ఆపేశాను. గాలిరాయి ఒక్కటీ సన్నగా వదిలాను. పెద్దవాటిని వేరే తొట్టిలోకి మార్చాను. మేత గుళికలు మెత్తగా పొడి చేసి చల్లాను. మొదటి రోజు బాగానే ఉన్నాయి. రెండో రోజు సాయంత్రానికి సగం అడుక్కి దిగిపోయాయి. మూడో రోజు టార్చ్ వేస్తే లైటు దగ్గరికి ఒక్కటీ రాలేదు. అడుగున తెల్లటి పొర, అంతే.

నీళ్లలో క్లోరిన్ లేదు, మూడు రోజులు నిలవబెట్టినవే. అమ్మోనియా కిట్‌తో చూస్తే సున్నా. వేడి 28 డిగ్రీలు. ఇంకేం చేసి ఉండాల్సింది?

ఇంకో అనుమానం కూడా. మగవి మూడూ ఒకే వయసు కదా, ఒకటి జానెడు దాటి, నీలం డెక్కలతో దొరలా తిరుగుతోంది. రెండోది దానికంటే కాస్త చిన్నది, డెక్కలు నారింజ రంగు. మూడోది నా చూపుడు వేలంత కూడా లేదు. దానికి జబ్బా? తిండి అందట్లేదా?

నాచుమొక్క:

ఫిల్టర్ ఆపడం ఆలస్యమై ఉంటుంది బ్రదర్, చాలా వరకు అందులోకే పోయుంటాయి. ఈసారి ముందు నుంచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. నా బుల్లి అక్వేరియం రొయ్యలకి, అదే చెర్రీ ష్రింప్‌కి నేను ఏమీ చెయ్యను, నాచు గుబురుగా పెంచుతాను, అంతే. పిల్లలు వాటంతటవే పెరుగుతాయి. తల్లి ఎలా ఉంటుందో పుట్టిన పిల్ల అచ్చం అలాగే ఉంటుంది, చీమ తలంత సైజులో. మొదటి రోజు నుంచే నాచు గీక్కుని తింటుంది. మరీ ఎక్కువ గాభరా పడకండి.

గాజుతొట్టి:

థాంక్స్ బ్రదర్. కానీ నా పిల్లలు తల్లిలా లేవు. ఈగ పిల్లకి తోక పెట్టినట్టున్నాయి. నాచు మీద కూర్చోవడం కూడా లేదు, నీళ్లలో వేలాడుతున్నాయి. ఫిల్టర్ విప్పి కడిగి చూశాను, అందులో పదో పన్నెండో ఉన్నాయి, మిగతావి తొట్టిలోనే పోయాయి.

రాత్రిడ్యూటీ:

ఫిల్టర్ కాదు, మేత కాదు, క్లోరిన్ అంతకన్నా కాదు. నీళ్లలో ఉప్పు లేదు. అదొక్కటే.

నేను తొమ్మిదేళ్లు రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే హేచరీలో, లార్వా (ఇంకా రొయ్య రూపం రాని పసిపిల్ల) సెక్షన్‌లో చేశాను, ఎక్కువగా రాత్రి డ్యూటీయే. మీరు రాసిన మూడు రోజుల కథ నేను కొత్తలో కళ్లారా చూశాను. ఒక ట్యాంకులో ఉప్పునీళ్ల వాల్వు తిప్పడం మర్చిపోయిన రాత్రి. మర్నాడు సాయంత్రానికి అడుగున అదే తెల్లపొర. వాల్వు మర్చిపోయింది ఎవరో చెప్పను. ఆ సెక్షన్‌లో ఆ రాత్రి ఉన్నది నేనొక్కదాన్నే.

మంచినీటి రొయ్య అన్న పేరు పెద్దదానికే చెల్లుతుంది. పిల్లకి చెల్లదు. ఈ రొయ్య పూర్తి పేరు మాక్రోబ్రాకియం రోజెన్‌బెర్గై. బతుకంతా నదుల్లో, కాలవల్లో, చెరువుల్లో గడుపుతుంది, గుడ్లు కూడా మంచినీళ్లలోనే పెడుతుంది. కానీ పొట్ట కింద గుడ్లు నిండాక ఆడది ప్రవాహం వెంట కిందికి, నది సముద్రంలో కలిసే చోటికి దిగుతుంది. పిల్లలు పుట్టేది ఆ ఉప్పు కలిసిన నీళ్ల దగ్గర. పుట్టిన రెండు రోజుల్లోపు ఉప్పు తగలకపోతే పోతాయి. మీ తొట్టిలో జరిగింది అచ్చం అదే, గడియారం పెట్టుకున్నట్టు.

ఇది మీకు తెలియకపోవడంలో తప్పేమీ లేదు. 1960కి ముందు ఎవరికీ తెలియదు. పెద్ద రొయ్యల్ని పెంచడం వచ్చు, పిల్లల్ని మాత్రం నదిలో పట్టుకోవాల్సిందే. మలేషియాలో పనిచేస్తున్న షావో-వెన్ లింగ్ అనే ఆయన 1961లో, ఈ లార్వాలు బతకడానికి ఉప్పు కలిసిన నీళ్లు కావాలని కనిపెట్టాడు. 1965లో అక్కడి తల్లి రొయ్యల్ని హవాయికి తీసుకెళ్లారు. అక్కడ టకూజీ ఫుజిమురా బృందం 1972 నాటికి పెద్ద ఎత్తున పిల్లల్ని తీసే పద్ధతి తయారుచేసింది. మేం హేచరీలో చేసేదంతా ఆ ఇద్దరి పని మీద నిలబడిందే.

నాచుమొక్క గారూ, మీ చెర్రీ ష్రింప్ వేరే దారి పట్టిన జాతి. అది పాతిక ముప్ఫై గుడ్లే పెడుతుంది, కానీ ఒక్కోటీ పెద్ద గుడ్డు. పిల్ల ఆ పచ్చసొన తింటూ గుడ్డులోనే తన లార్వా బతుకంతా ముగించుకుని, తయారైపోయి బయటికొస్తుంది. నీలకంఠం లెక్క వేరు. బాగా ఎదిగిన ఆడది 80 వేల నుంచి లక్ష గుడ్ల దాకా పెడుతుంది. మొదటి కాన్పువైతే 5 వేల నుంచి 20 వేలు. గుడ్డు అర మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది, అంతే. అంత చిన్న గుడ్డులో ఎంత సామాను పెట్టి పంపగలదు? సగం తయారైన పిల్లని నీళ్లలోకి వదిలేస్తుంది. మిగతా సగం ఉప్పునీళ్లలో, దొరికింది తిని, అది తయారవ్వాలి.

ఇక మళ్లీ ప్రయత్నిస్తారు కాబట్టి పని చెప్తాను.

తల్లిని చూడండి. వీపు మీద, తల భాగంలో గుల్ల లోపల నుంచి నారింజ రంగు ముద్ద కనిపిస్తుంటే అండాశయం నిండుతోందని. పొట్ట కింద గుడ్లు మోస్తుండగానే లోపల రెండో విడత తయారవుతుంది కాబట్టి, మీది నెల తిరక్కుండానే మళ్లీ గుల్ల విడవొచ్చు. గుల్ల విడిచిన కొన్ని గంటల్లోనే, మెత్తగా ఉండగానే, గట్టి గుల్ల ఉన్న మగదానితో జతకడుతుంది. మగది ఇచ్చే, బీజం ఉన్న జిగురు ముద్ద ఆడదాని నడిచే కాళ్ల మధ్య అంటుకుని ఉంటుంది. ఒక రోజు లోపల గుడ్లు బయటికొచ్చి, ఆ జిగురు మీదుగా జారుతూ ఫలదీకరణ చెంది, పొట్ట కింద చేరతాయి. మగది తోడు లేకుండా పెట్టిన గుడ్లు కూడా కొన్నాళ్లు పొట్ట కింద కనిపిస్తాయి, రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి. అలా జరిగితే కంగారు పడొద్దు.

గుడ్లు బూడిద రంగుకి తిరిగిన రోజు తల్లిని వేరే తొట్టిలోకి మార్చండి. ఆ నీళ్లలో కొద్దిగా ఉప్పు, ఒక 5 పీపీటీ, అంటే లీటరుకు 5 గ్రాములు. పొదగడం దాదాపుగా రాత్రే. పొద్దున తల్లిని తీసేసి, సెలినిటీని, అంటే నీళ్లలో ఉప్పు పాళ్లని, నిదానంగా 12 పీపీటీకి పెంచండి. అంటే లీటరుకు సుమారు 12 గ్రాములు. అసలు సముద్రం 35 దాకా ఉంటుంది కాబట్టి ఇది మూడో వంతు. వంటింటి ఉప్పు వెయ్యొద్దు. అందులో సోడియం క్లోరైడ్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు, పిల్లకి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం కూడా కావాలి. అక్వేరియం వాళ్లు వాడే సముద్రపు ఉప్పు మిక్స్ అయితేనే వెయ్యండి. ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఒకటి దగ్గరుంటే మంచిది, నాలిక మీద చూసి చెప్పే మొనగాళ్లని నమ్మొద్దు. నేనూ ఒకప్పుడు అలాంటి మొనగత్తెనే.

పుట్టిన రోజు అవి తినవు, పచ్చసొన ఇంకా మిగిలి ఉంటుంది. మీరు చల్లిన పొడి అడుగున కుళ్లడానికి తప్ప పనికిరాలేదు. రెండో రోజు నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా (గుడ్లు తెచ్చి సీసాలో పొదిగించుకునే బుల్లి ఉప్పునీటి జీవి) పెట్టండి. ముఖ్యమైన సంగతి, ఈ లార్వాలు మేత వెతుక్కుంటూ వెళ్లవు. ఎదురొచ్చి తగిలిందాన్ని పట్టుకుంటాయి. అందుకే గాలి ఆగకూడదు, మేత ఎప్పుడూ నీళ్లలో తేలుతూనే ఉండాలి. పది రోజులు దాటాక గుడ్డు కస్టర్డ్‌ని జల్లెడలో రుద్ది, సన్నటి రవ్వలా చేసి పగటిపూట కొంచెం కొంచెం వెయ్యొచ్చు. మిగిలింది ప్రతి సాయంత్రం గొట్టంతో లాగెయ్యాలి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, ఉప్పు దగ్గర కాదు.

లార్వాకి 11 దశలు. ప్రతి దశకీ ఒకసారి గుల్ల విడుస్తుంది. పేర్లతో మిమ్మల్ని విసిగించను, కంటికి తెలిసేవి రెండు మూడు చెప్తాను. మొదటి దశలో కళ్లు తలకి అతుక్కుని ఉంటాయి. రెండో దశకి కాడల మీదకి వస్తాయి. నెత్తి మీద ముక్కులా ఉండే రంపానికి నాలుగో దశలో రెండు పళ్లు కనబడతాయి. 11వ దశకి పైఅంచు సగం దాకా పళ్లే. అన్నీ బాగుంటే 16 రోజుల్లో అయ్యేవీ ఉంటాయి, మామూలుగా 25 నుంచి 35 రోజులు. అన్నీ ఒకే రోజు మారవు, అన్నదమ్ముల మధ్యే పది రోజుల తేడా వస్తుంది.

మేం రాత్రి డ్యూటీలో గంటకోసారి ఒక గాజు బీకరులో నీళ్లు ముంచి లైటుకి ఎదురుగా పట్టి చూసేవాళ్లం. ఆరోగ్యంగా ఉన్న లార్వా పొట్టలో నారింజ గీత ఉంటుంది, ఆర్టీమియా తిన్నదని గుర్తు. ఆ గీత లేకుండా పాలలా తెల్లబడితే మా సూపర్వైజర్ ముఖం కూడా అలాగే అయ్యేది. మూడో వారం దాటాక ఒక రాత్రి బీకరు ఎత్తితే, వెల్లకిలా ఈదే గుంపులో ఒకటి మాత్రం గాజు గోడని పట్టుకుని బోర్లా నిలబడి ఉంటుంది. తల ముందు, వీపు పైకి, కాళ్ల మీద. 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది, అద్దంలా, తల మాత్రం లేత గులాబీ. అది పీఎల్, పోస్ట్ లార్వా. ఆ క్షణం నుంచి అది రొయ్య. తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, చూసిన ప్రతిసారీ పక్క ట్యాంకు వాళ్లని పిలిచి చూపించేదాన్ని.

మూడింట రెండొంతులు అలా మారాక, ఒక రోజంతా తీసుకుని నిదానంగా మంచినీళ్లకి తేవొచ్చు. నదిలో అయితే ఈ పిల్లలే వారం రెండు వారాల్లో ప్రవాహానికి ఎదురెక్కి, తల్లి వచ్చిన దారినే పైకి పోతాయి.

ఎన్ని మిగులుతాయని అడుగుతారేమో. హేచరీలో సగం దాటితే ఆ రోజు మాకు పండగే. మీరు మొదటిసారి కాబట్టి లీటరుకు ముప్ఫై నలభైకి మించి ఉంచొద్దు, మిగతావి పోనివ్వండి. వందలోపు మిగిలినా తక్కువని అనుకోవద్దు.

గాజుతొట్టి:

అన్నా, ఇది ప్రింట్ తీసి తొట్టి పక్కన అంటించుకున్నాను. రెండు ప్రశ్నలు. ఒకటి, చిన్న మగది సంగతి చెప్పలేదు. రెండు, వెల్లకిలా ఈదడం ఎందుకు? పైకీ కిందకీ తేడా తెలియదా వాటికి?

రాత్రిడ్యూటీ:

అన్నని కాదు, అక్కని. పైన "ఒక్కదాన్నే" అని రాశాను, మీరు ఉప్పు గోలలో చూసుకోలేదు.

వెల్లకిలా ఎందుకో నాకు సరిగ్గా తెలియదు, నేను పెంచడం చేశాను, పాఠం చెప్పలేదు. మాస్టారు వస్తారేమో చూద్దాం.

చిన్నదానికి జబ్బు లేదు. అదీ పెద్దమనిషే.

జువాలజీమాస్టారు:

పిలిచారు కాబట్టి వచ్చాను.

ముందు ఈత సంగతి. వెల్లకిలా ఎందుకన్న దానికి నా దగ్గరా జవాబు లేదు. పైకీ కిందకీ తేడా మాత్రం రొయ్యకి బాగా తెలుసు. చిన్న మీసాల మొదట్లో దానికి ఒక సంచి ఉంటుంది, అందులో ఇసుక రేణువులు. రేణువు ఎటు ఒరిగితే అటు కింద అని లెక్క. గుల్ల విడిచినప్పుడు ఈ సంచి లోపలి పొర కూడా ఊడిపోతుంది, రేణువులు పోతాయి. కొత్త రేణువుల్ని రొయ్య మళ్లీ నింపుకుంటుంది. 1893లో వియన్నాలో అలోయిస్ క్రైడ్ల్ అనే ఆయన, ఇదే కుటుంబానికి చెందిన సముద్రపు రొయ్యలు గుల్ల విడిచే వేళకి ఇసుకకి బదులు ఇనుప రజను పెట్టాడు. రొయ్యలు దాన్నే సంచిలో నింపుకున్నాయి. తర్వాత ఆయన పైన అయస్కాంతం పట్టుకుంటే, అదే కింద అనుకుని రొయ్యలు తిరగబడ్డాయి. ఈ ఒక్క ప్రయోగం చెప్తే నిద్రపోతున్న చివరి బెంచీ కూడా లేచి కూర్చుంటుంది, ముప్ఫై ఏళ్ల అనుభవం నాది.

ఇక మీ మగరాయుళ్లు. ఒకే వయసు మగ నీలకంఠాలు మూడు రకాలుగా తేలతాయి. చిన్న మగ, నారింజ డెక్క, నీలి డెక్క. మీ తొట్టిలో అదృష్టవశాత్తూ మూడూ ఉన్నాయి, పాఠ్యపుస్తకం బొమ్మలా.

నీలి డెక్కది ఇలాకా దొర. ఒక చోటు తనదని పట్టుకుంటుంది, గుల్ల విడిచిన ఆడదాన్ని కాపలా కాస్తుంది. మీరు చూసిన గొడుగు అదే. దాని ఎదుగుదల అయితే దాదాపు ఆగిపోయింది. నారింజ డెక్కది ఇప్పుడు పెరుగుదల మీద ఉంది. దొరతో తగువు పెట్టుకోదు, తింటుంది, పెరుగుతుంది. ఏదో ఒకనాడు గుల్ల విడిచి నీలి డెక్కలతో బయటికొస్తుంది, అప్పటికి ఉన్న దొర కంటే పెద్దదై మరీ వస్తుంది. ఆ తర్వాత అదీ ఆగుతుంది. వెనకున్నది ముందున్నదాన్ని దాటి ఆగడం, దాన్ని ఇంకొకటి దాటడం. పిల్లల కప్ప గంతుల ఆటలా అన్నమాట.

చిన్నది ఇద్దరి కంటా పడకుండా తిరుగుతుంది. జబ్బు కాదు, తిండి తక్కువా కాదు. దానికి బీజం తయారుగానే ఉంటుంది. దొర ఎవరితోనో కొట్లాడుతుంటే సందు చూసుకుని ఆడదాని దగ్గరికి దూరుతుంది. మీ నారింజ గుడ్ల గుత్తిలో ఎన్నింటికి తండ్రి ఎవరో నీలి దొరకి కూడా తెలిసుండదు.

రాత్రిడ్యూటీ:

మాస్టారూ, అందంగా చెప్పారు కానీ "జబ్బు కాదు" దగ్గర ఆగకండి, ఆయన దాన్ని అలాగే వదిలేస్తారు. గాజుతొట్టి గారూ, నీలి డెక్క ఉన్నంత కాలం చిన్నది పెరగదు. పెద్దవాటిని తీసేస్తే మాత్రం అదే చిన్నది నారింజ డెక్కగా మారి గబగబా పెరుగుతుంది. చెరువుల్లో పెద్దవి ఎప్పటికప్పుడు వలేసి తీసెయ్యడం వెనక సగం కారణం ఇదే. నమ్మకపోతే దొరని ఇంకో తొట్టిలో పెట్టి రెండు నెలలు చూడండి.

జువాలజీమాస్టారు:

ఒప్పుకుంటున్నాను, అది చెప్పాల్సింది. పాఠం బాగా వస్తుంటే ప్రాక్టికల్ మర్చిపోతాను.

ఇంకొకటి చేర్చనివ్వండి. మగ, ఆడ తేడా డెక్కల్ని బట్టి చూడకండి. చిన్న మగదాన్ని చాలామంది ఆడదనుకుంటారు. మెల్లగా పట్టుకుని వెల్లకిలా తిప్పండి. మగదానికి జనన రంధ్రాలు చివరి, అంటే అయిదో జత నడిచే కాళ్ల మొదట్లో ఉంటాయి. ఆడదానికి మూడో జత దగ్గర. మగదాని పొట్ట మొదటి ఖండం మధ్యలో చిన్న గట్టి బుడిపె వేలికి తగులుతుంది.

ఆ అయిదో కాలి దగ్గరే మగతనాన్ని నడిపే గ్రంథి ఒకటుంది. చిన్న వయసులో దాన్ని తీసేస్తే మగపిల్ల ఆడదిగా పెరిగి గుడ్లు పెడుతుంది. మనలో మగవాళ్ల క్రోమోజోములు ఎక్స్, వై కదా, ఈ రొయ్యల్లో తిరకాసు. మగవి జెడ్ జెడ్, ఆడవి జెడ్ డబ్ల్యూ. కాబట్టి అలా మారిన ఆడదాన్ని మామూలు మగదానితో కలిపితే పుట్టేవన్నీ మగవే. ఇజ్రాయెల్‌లో అమీర్ సాగి బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2012లో కత్తి పెట్టే అవసరం లేకుండా, ఆ గ్రంథి తయారుచేసే హార్మోన్ జన్యువొక్కదాన్ని అణచి ఇదే మార్పు సాధించారు.

నాచుమొక్క:

నేను ఫిల్టర్ అని చెప్పి వెళ్లిపోయాను, ఇక్కడ కాలేజీ నడుస్తోంది. అక్కా, ఒక డౌటు. అమానో ష్రింప్ అనే ఇంకో రకం అక్వేరియం రొయ్య కూడా ఇంతేనా? నా దగ్గర ఆరున్నాయి, గుడ్లు పెడతాయి, పిల్లలు ఎప్పుడూ కనబడవు. నాచు తక్కువైందేమో అనుకుంటూ రెండేళ్లుగా నాచు పెంచుతూనే ఉన్నాను.

రాత్రిడ్యూటీ:

ఇంతే తమ్ముడూ. వాటి లార్వాకీ ఉప్పునీళ్లు కావాలి. నాచు మాత్రం బాగా పెంచి ఉంటారు.

గాజుతొట్టి:

52 రోజుల తర్వాత అప్‌డేట్.

ఆడది మీరు చెప్పినట్టే నెల తిరక్కుండానే మళ్లీ గుల్ల విడిచింది. ఈసారి గుల్లని తియ్యలేదు, మర్నాటికి సగం అదే తినేసింది. గుడ్లు వచ్చాయి, 18వ రోజు రాత్రి పొదిగాయి. అరవై లీటర్ల తొట్టి, 12 పీపీటీ. రెండు వేల దాకా ఉంచి, మిగతావి వదులుకున్నాను. వదులుకోవడానికి ఎంత సేపు పట్టిందో అడక్కండి.

మూడో రోజు రాత్రి టార్చ్ పట్టుకుని వెళ్లేటప్పుడు చెయ్యి వణికింది అక్కా. లైటు వెయ్యగానే అన్నీ మూలకి మూగాయి. అన్నీ! అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

తర్వాత కష్టాలు చాలానే పడ్డాను. 9వ రోజు ఆర్టీమియా పొదగలేదు, సీసా దగ్గర వేడి తగ్గిందని తర్వాత తెలిసింది. ఆ ఒక్క పూట ఆకలికి ఒకదాన్నొకటి పట్టుకోవడం నా కళ్లతో చూశాను. 14వ రోజు కస్టర్డ్ ఎక్కువ వేసి నీళ్లు పాడుచేశాను, ఒక్క రాత్రిలో మూడొందలు పైనే పోయాయి. మీరు ఓడిపోయేది ఉప్పు దగ్గర కాదన్నది అప్పుడు అర్థమైంది.

24వ రోజు పొద్దున ఒకటి గాజు గోడని పట్టుకుని బోర్లా నిలబడింది. ఇంట్లో పిలవడానికి ఆ టైముకి ఎవరూ లేచి లేరు. అందుకే ఇక్కడ చెప్తున్నాను.

ఇప్పటికి లెక్కపెడితే 140 పీఎల్. నిన్న మొత్తం తీసుకుని మంచినీళ్లకి తెచ్చాను, ఏమీ కాలేదు. నీలి దొరని పక్క తొట్టిలోకి మార్చాను. చిన్నది నిన్ననే గుల్ల విడిచింది, డెక్కల చివర కాస్త నారింజ రంగు ఉన్నట్టుంది, లేక నా కళ్లకే అలా కనబడుతోందో.

ఒక్కటే అర్థం కావట్లేదు. రాత్రి 140 ఉన్నాయి, పొద్దున 131. చచ్చినవి ఒక్కటీ కనబడలేదు. ఒకదాన్నొకటి తినేస్తున్నాయా?

రాత్రిడ్యూటీ:

తొట్టికి మూత ఉందా?

గాజుతొట్టి:

లేదు. ఎందుకు?

రాత్రిడ్యూటీ:

నీళ్లు ఒక మూల నుంచి పడుతున్నాయి కదా? ప్రవాహానికి ఎదురెక్కే వయసు వాటిది. గోడ తడిగా ఉంటే చాలు, నిలువుగా ఎక్కేస్తాయి. వెళ్లి ఆ గొట్టం వెనక, తొట్టి అంచు మీద, కింద నేల మీద తడి ఉన్న చోటల్లా చూడండి. వేగంగా చూడండి, తడి ఉన్నంతసేపు బతికే ఉంటాయి.

గాజుతొట్టి:

గొట్టం మీద నాలుగు! అంచు కింద తడిగుడ్డలో మూడు. అన్నీ కదులుతున్నాయి. ఇంకా రెండు దొరకాలి, సోఫా జరుపుతున్నాను.